ఫిబ్రవరి వానలకు వారసులు

ఇంట్లోనూ వీధిలోనూ పత్రికాఫీసులోనూ అందరూ ఉడుకుమోతు అని పిలిచే నేను, వయసు యాభై రెండు, వృత్తి రాత, నివాసం లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తు (భర్త లిఫ్టు మెకానిక్ అయినా సరే), నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. మంగళవారం నా గుండెలో ఒక కవాటం మారుస్తారు. మనసు నిమ్మళంగా ఉందా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. మతి స్థిరంగా ఉండటానికీ మనసు నిమ్మళంగా ఉండటానికీ సంబంధం లేదు. కోపంగా ఉన్న మనిషికి మతి లేదనడం ఈ లోకానికి పాత అలవాటు, ఆ మనిషి ఆడదైతే మరీను. ఆ సాకుతో ఈ కాగితాన్ని కొట్టేయించాలని చూసేవాళ్ల కోసం డాక్టరు సర్టిఫికెట్ జత చేశాను. ముందు అది చదువుకోండి.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. కోపంలో కొందరికి ఏమీ ఇవ్వనన్నాను, ప్రేమలో కొందరికి అన్నీ ఇస్తానన్నాను. ఆ నోటిమాటలన్నీ ఇందుమూలంగా రద్దు.

1. ఈ వీలునామాను అమలు జరపాల్సింది నా భర్త. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లను కంగారుపెట్టకుండా బయటికి తీయడం ఆయన వృత్తి. ఈ కాగితంలో ఇరుక్కునేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఆయనే దిక్కు.

2. ఫ్లాటులో నా సగం వాటా ఆయన బతికున్నంత కాలం ఆయనది, తదనంతరం మా అమ్మాయిది. ఇందులో వాదించడానికేమీ లేదు, కాబట్టి నేనూ వాదించను.

3. ఇక నా రాతలు. నాకున్న అసలు ఆస్తి ఇదే, తగాదా రాబోయేదీ దీని మీదే. ఇరవై రెండేళ్లుగా ఒక మాసపత్రికలో ప్రతి నెలా ఒక పేజీ రాశాను. తొలివాన, ఎండలో ఆరేసిన దుప్పట్లు, చలిపొద్దున వేడి గ్లాసు పట్టుకున్న అరచేతులు, కరెంటు పోతే మెట్ల మీద చేరిన ఇంటిల్లిపాది. అలాంటి కబుర్లు. ప్రతి పేజీ చివరి పేరాలో మాత్రం ఎవరితోనో ఒకరితో పోట్లాడేదాన్ని. తొలివాన అందమే, కానీ ఆ వానలో రోడ్డు ఊడ్చే మనిషికి రబ్బరు బూట్లు ఎందుకివ్వరు అని. దుప్పట్లు ఆరేసే చేతులకు ఆదివారం ఎప్పుడొస్తుంది అని.

మా అన్నయ్య ఆ పేజీలన్నీ కత్తిరించి పుస్తకంలో అంటించాడు. చివరి పేరా ఒక్కటీ లేకుండా కత్తిరించాడు. ఇరవై రెండేళ్లపాటు, కొలతతో. "చెల్లీ, ఆ గొడవలు నీకెందుకమ్మా? వాన బాగా రాస్తావు, వాన రాసుకో" అంటాడు. నేను పోయాక దాన్ని అచ్చేయించి, ముందు నా నవ్వు ఫొటో పెట్టి, బంధువులకు పంచుతాడట. వదిన నోరు జారి చెప్పింది. ఫొటో కూడా ఎంచాడట. నేను నవ్విన ఫొటో దొరకడానికి అన్నయ్య ఎంత వెతికుంటాడో అని జాలేసింది.

ఆ పుస్తకం అచ్చు కావడానికి వీల్లేదు. నా మాట మీద కత్తెర పెట్టి మిగిలినదాన్ని నా పేరుతో పంచిపెట్టే హక్కు అన్నకు గానీ, దేవుడికి గానీ లేదు.

4. అన్నయ్యకు నా కత్తెర ఇస్తున్నాను. పదును పోయింది. అదే మంచిది.

5. రెండో వైపువాళ్లకూ చెప్పాలి. ఊరేగింపుల్లో నా పక్కన నడిచిన మిత్రులు, "లోకం తగలబడుతుంటే నీకు దుప్పట్ల మీద వ్యాసమా?" అని ఎగతాళి చేశారు. మీ ఇంట్లో దుప్పటి ఎవరు ఉతుకుతున్నారో, ఎవరు మోసుకెళ్లి ఆరేస్తున్నారో, ఎవరు మడత పెడుతున్నారో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోండి నాయనా. లోకం అక్కడ కూడా తగలబడుతోంది. మీకు కాలడం లేదు, అంతే. పని మానుకుని కాసేపు వాన చూడటం కొందరికి హక్కుగా, కొందరికి నేరంగా ఉన్నంతకాలం వాన మీద రాయడం రాజకీయమే. ఈ మాట వెనక్కి తీసుకోను. మీకు ఆస్తి ఏమీ లేదు, ఈ క్లాజు తప్ప.

6. ఇప్పుడు నా మీద నేనే పెట్టుకుంటున్న ఫిర్యాదు. ఇది కూడా వీలునామాలో భాగమే, దీన్నీ కత్తిరించరాదు.

నాలుగు నెలల సరుకు చేతిలో లేకపోతే మా సంపాదకుడికి అన్నం సయించదు. కాబట్టి జూన్ వానను నేను ఫిబ్రవరిలో రాయాలి, అక్టోబరు ఎండను జూన్‌లో. ఫిబ్రవరిలో వాన చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? మా ఆయన కిటికీ పక్కన స్టూలెక్కి మగ్గుతో అద్దం మీద నీళ్లు పోసేవారు. ఆరేళ్ల అమ్మాయి పూలకుండీలో మట్టి తడిపి నా ముక్కు దగ్గర పట్టుకునేది. నేను కళ్లు మూసుకుని రాసేదాన్ని. కింది అంతస్తు దర్జీ తల బయటికి పెట్టి, "అక్కా, మళ్లీ వానొచ్చిందా? ఇక్కడ కస్టమరు జాకెట్లు ఆరేశాను, కాస్త చూసి కురిపించండి!" అని అరిచేవాడు. నిజం చెప్తున్నాను, ఈ ఇంట్లో అంత సంతోషం మరెప్పుడూ లేదు. అది మాత్రం నేను రాయలేదు. రాస్తే గుట్టు రట్టవుతుందని.

అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, ఒక జూన్ మధ్యాహ్నం, అసలు తొలివాన వచ్చింది. అది కిటికీ తెరిచి చేతులు బయటికి చాపి, "అమ్మా రా, నిజంది వచ్చింది!" అని కేకేసింది. నేను అక్టోబరు ఎండలో దుప్పట్లు ఆరేస్తున్నాను, కాగితం మీద. జల్లు కాగితాల మీద పడింది. లేచి, దాని చేతులు లోపలికి లాగి, కిటికీ మూసి గొళ్లెం పెట్టాను. "నన్ను పని చేసుకోనిస్తారా లేదా?" అన్నాను. అక్టోబరులో ఆ వ్యాసం వచ్చింది. ఎండ చాలా బాగుందని నూట పన్నెండు ఉత్తరాలొచ్చాయి.

కిందటేడు ఇదే గదిలో అమ్మాయి నాతో అన్న మాట ఇది: "నీ వానలన్నీ చదివానమ్మా. చదివిన ప్రతిసారీ నాకు గొళ్లెం చప్పుడే వినిపిస్తుంది." అప్పటి నుంచి అది నా పేజీ తెరవడం లేదు.

జనానికి తీరిక కావాలని ఇరవై రెండేళ్లు గొంతు చించుకున్నదాన్ని, సొంత కూతురికి ఒక్క వాన ఇవ్వలేదు. నేను ఇక్కడ క్షమాపణ అడగడం లేదు. క్షమాపణ అడిగితే ఇవ్వాల్సిన భారం మళ్లీ దాని మీదే పడుతుంది. సాక్ష్యం మాత్రమే ఇస్తున్నాను.

7. కాబట్టి, నా రాతల మీద సర్వహక్కులూ మా అమ్మాయికి దఖలుపరుస్తున్నాను. అచ్చేయవచ్చు, చించేయవచ్చు, అటక మీద పడేయవచ్చు. అచ్చేస్తే రెండు షరతులు. ఒకటి, ప్రతి వ్యాసం చివరి పేరాతో సహా ఉండాలి. రెండు, ప్రతి వ్యాసం కింద అది నిజంగా ఏ రోజు రాశానో, ఆ రోజు ఇంట్లో నిజంగా ఏం జరిగిందో తాను వేయాలి. తేదీల నోటుబుక్కు బీరువా కింది అరలో ఉంది. నన్ను వెనకేసుకురావద్దు. "ఆ రోజు అమ్మ అరిచింది" అని రాయాల్సినచోట అదే రాయాలి.

8. సంపాదకుడి దగ్గర జూలై నుంచి అక్టోబరు దాకా నాలుగు వ్యాసాలున్నాయి. నేను పోతే అవి వేయకూడదు. "పాఠకులకు తెలియదు కదమ్మా, నాలుగు నెలలు మీరు ఉన్నట్టే ఉంటుంది" అన్నాడు పాపం, ఓదార్పుగానే. బతికుండగా తడవని వానలో చచ్చాక తడిసినట్టు అబద్ధమాడను. అంత తెగింపు నాక్కూడా లేదు.

9. ఆ నాలుగు నెలల్లో నా పేజీ, మా ప్రూఫులు దిద్దే ఆమెకు రాసుకోవడానికి ఇవ్వాలి. పత్రికాఫీసు నేలమాళిగలో, కిటికీ లేని గదిలో, ట్యూబులైటు కింద నా వానలన్నీ కామాలతో సహా సరిచేసింది. "మేడం, మీ పేజీ వస్తేనే నాకు కాలం మారిందని తెలుస్తుంది" అని నవ్వుతూ అంది ఒకసారి. నాకు ఆ రోజు నవ్వు రాలేదు. ఆమె ఏం రాసినా ఒక్క అక్షరం తీయకుండా వేయాలి. పేజీ ఇచ్చేలోపు ఆ గది మార్చాలి. మార్చకపోతే నా పేరు ఆ పత్రిక అట్ట మీద మళ్లీ కనిపించకూడదు. నా గొడుగు కూడా ఆమెకే.

10. మా ఆయనకు మగ్గు. నీలం రంగుది, పిడి విరిగినది. ఆయన స్టూలెక్కి కురిపించిన వానలన్నీ నేను నా పేరుతో అచ్చేసుకున్నాను. ఆ రచనలో సగం ఆయనదని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. ఆయన ఇది చదివి, "ఇప్పుడెందుకవన్నీ" అంటారు. అననివ్వండి.

11. ఆఖరిది. రాతగది కిటికీ గొళ్లెం, నాలుగు స్క్రూలతో సహా, మా అమ్మాయికి. ఈ పొద్దున ఆయన చేత ఊడదీయించాను. కవరులో పెట్టి దాని పేరు రాశాను. ఆ గొళ్లేన్ని పారేసుకోవచ్చు, దాచుకోవచ్చు, నా మీదే విసరవచ్చు. మళ్లీ బిగించడానికి మాత్రం వీల్లేదు. ఈ ఒక్క విషయంలో నేను చచ్చినా మాట వినను.

బతికి వస్తే ఈ కాగితం చెల్లదని వకీలు అన్నాడు. మూడు, ఆరు, తొమ్మిది, పదకొండు క్లాజులు నేను బతికున్నా చెల్లుతాయి. ఎట్లా చెల్లవో చూస్తాను.

2025 జూన్ 14, శనివారం, మధ్యాహ్నం.

(సంతకం) ఉడుకుమోతు

సాక్షులు:

1. కింది అంతస్తు దర్జీని. అక్క నా ఎదుట సంతకం చేసింది. సంతకం మీదా పదకొండో క్లాజు మీదా సిరా అలుక్కుపోయింది, అది దిద్దుబాటు కాదు. సంతకం పెట్టే వేళకు వానొచ్చింది. కిటికీ మూద్దామంటే గొళ్లెం లేదు. ఈసారి మగ్గు నీళ్లు కావు. తల బయటికి పెట్టి నేనే చూసి రూఢి చేసుకున్నాను.

2. ఎదురు ఫ్లాటులో ఉండే స్కూలు వ్యాను డ్రైవరును. పైన రాసింది నిజం. సంతకానికి ముందు ఆమే, వాళ్ల అమ్మాయీ కిటికీలోంచి చేతులు బయటికి చాపి చాలాసేపు నిలబడ్డారు. మేం కలం పట్టుకుని ఆగాం. ఎవరూ బలవంతం చేయలేదు.