నోడ్స్ కోసం స్తోత్రం

4 ఆగస్టు 2025, సోమవారం

థీసిస్ రాసుకుందామని మా ఊరు సంగనకల్లు వచ్చి వారమైంది. రాసింది నాలుగు పేజీలు. తిన్నదానికి లెక్కలేదు.

మోక ఊరి బస్సు కండక్టరు దయాసాగర్ గారికి, అంటే మా నాన్నకి, నా రీసెర్చ్ మీద నాకంటే నమ్మకం ఎక్కువ. డ్యూటీ దిగి రాగానే ఎలక్ట్రాన్లు ఎట్లుండాయని అడుగుతాడు. ఇవాళ మళ్లీ మొదటినుంచీ చెప్పాను. మా సీరియం కలిసిన లోహంలో ఎలక్ట్రాన్లు వందల రెట్లు బరువున్నట్టు ఈడ్చుకుంటూ నడుస్తాయి. ఒకదానికొకటి పడదు. అయినా విపరీతమైన చలిలో జత కడతాయి, అప్పుడు కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. వాటిని జత కట్టించేది ఏమిటన్నదే నా థియరీ. అది నిజమైతే కొన్ని దిక్కుల్లో ఆ జత బలం సున్నా కావాలి. ఆ సున్నాలే నోడ్స్. బెంగళూరు ల్యాబులో నా తోటి రీసెర్చరు కొట్రేశ్ వాటికోసమే కొలుస్తున్నాడు. లేవని తేలితే నా మూడేళ్లూ గంగలో కలిసినట్టే.

నాన్న అంతా విని, పడనివాళ్లు జత కట్టడానికేం, మీ అమ్మా నేనూ లేమా అన్నాడు. అమ్మ వంటింట్లోంచి గరిటె చూపించింది.

6, బుధ

నాన్న కొంప ముంచాడు. మా చర్చి సంఘంలో గట్టి నమ్మకమున్నవాళ్లు జవాబు రాకముందే స్తోత్రం చెల్లిస్తారు. శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక అని పాస్టరు గారికి చెప్పేశాడట. నోడ్స్ దొరికినందుకు. యాభై మందికి కుష్కా, అదే ముక్కల్లేని బిరియానీ. బస్సులో వాళ్లను కూడా పిలిచాడు.

8, శుక్ర, మధ్యాహ్నం 3:10

నోడ్స్ లేవు.

8, సాయంత్రం

కొట్రేశ్ మూడుసార్లు కొలిచాడట. సారీ అన్నాడు. వాడి తప్పేముంది. కూడిక ఆపమని నాన్నను బతిమాలాను. నావల్ల ఆయన అందరి ముందూ తల దించుకుంటే నేను చూడలేను. ఆయన టికెట్ మిషను పక్కన పెట్టాడు.

"జవాబొచ్చిండాది గదా పాపా. మనమడిగింది జవాబే గదా."

మనం అడిగింది నోడ్స్ నాన్నా అన్నాను. వినలేదు.

9, శని

అందరూ వచ్చారు. మోక నుంచి రోజూ నాన్న బస్సెక్కే హొన్నప్ప కూడా, నోడ్స్ అంటే ఏందో తెలియకుండానే అరటిపళ్లు పట్టుకొని. సాక్ష్యం చెప్పడానికి లేచాను. నా థియరీ తప్పు అన్నాను. నాన్న వచ్చి నా పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"దేవా, నా బిడ్డ మొగం చూసి ఆ లోహం అబద్దం చెప్పల్యా. అందుకు నీకు స్తోత్రం."

యాభై మందీ ఆమేన్ అన్నారు. నేను ఏడ్చేశాను. ఈ మనిషి కడుపున పుట్టినందుకు నాకెంత గర్వంగా ఉందో ఆయనకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

11, సోమ

ఐదింటికే మెలకువ. అసలు నోడ్స్ ఎందుకు లేవు? ఆగలేక నాన్నను లేపి అడిగాను. తెలీదన్నాడు. నాకూ తెలీదు. భలే సంతోషంగా ఉంది.