ఫోర్కు వెనక చిల్లు

చిరంజీవి తుఫానుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. మన తాళాల కొట్టుకి ఉన్న తాళాలూ ఇంటికి ఉన్న తాళాలూ కూడా కులాసా. నువ్వూ, నువ్వు నడిపే రైలూ వేళకి గమ్యం చేరుతున్నారని తలుస్తాను. బ్రేకుల్లేని సైకిలు మీద ఊరంతా తిరిగిన పిల్ల చేతిలో అంతమంది ప్రయాణికుల్ని ఎలా పెట్టారో అని మీ అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంటుంది. ఉంటుంది అనడం తప్పు. నిన్నటి దాకా నవ్వింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నా మోకాలు నెమ్మదించింది. అమ్మ కళ్లజోడు పంచదార డబ్బాలో దొరికింది. పనిమనిషి తీసిందని నేను రెండు రోజులు ఆవిడ సంచీ వంక చూసిన మాట నిజమే, అమ్మ నీకు చాడీలు చెప్పనక్కర్లేదు. ఇక సైకిలు. "అది హాల్లో కనబడినంతకాలం నాకు ఇంటికి రాబుద్ధి కాదు నాన్నా, అమ్మేయండి, చిల్లు సంగతి మాత్రం కొనేవాళ్ల దగ్గర దాచకండి" అని రాశావు. దాచలేదు. పేపర్లో ప్రకటనలోనే వేయించాను: ఇటలీలో చేత్తో చేసిన పాత పందేల ట్రాక్ సైకిలు, ముందు ఫోర్కుకి చిల్లు ఉంది అని.

మొదట వచ్చినవాడు తెల్లబూట్లవాడు. ఆ సైకిలు చేసిన ముసలి పనివాడు ఏడాదికి ఇరవైకి మించి చేసేవాడు కాదనీ, పెడల్ గొట్టం కింద కొట్టిన నంబరు చూస్తే ఎప్పటిదో తెలుస్తుందనీ నాకే పాఠం చెప్పాడు. మీ మామయ్య తెచ్చాడని చెబితే, ఓడలో ఇంజను పని చేసే రోజుల్లో ఆయన ఏ రేవులో ఎవరి దగ్గర కొన్నాడో కూడా అడిగాడు. అంత తెలిసినవాడికి అది మాత్రం ఎందుకు కావాలి? పైగా, హాల్లో కిటికీ ఏ వీధిలోకి తెరుచుకుంటుందని అడిగాడు. వాడు మెట్లు దిగీ దిగకముందే తలుపు తాళం మార్చేశాను. చెమటలు పట్టి, గాలి ఎటునుంచి వస్తుందని అడిగి ఉంటాడని మీ అమ్మ వాదన.

తర్వాత ఒక జంట వచ్చారు. కాఫీ కొట్టు పెడుతున్నారట, గోడకి తలకిందులుగా వేలాడదీస్తారట. గంటసేపు కూర్చుని ఒక్కసారి కూడా ఒకరి మాటకి ఒకరు అడ్డు రాలేదు. వాళ్లు మొగుడూ పెళ్లాలంటే నేను నమ్మను. ఆలోచించి చెబుతానని పంపేశాను. నువ్వు గెలిచిన బండి గోడమీద బొమ్మయిపోవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

మూడోవాడు సైకిళ్ల మేస్త్రీ. నా ఈడువాడే, వేళ్ల నిండా గ్రీజు. కొనేది తను కాదనీ, చూసి రమ్మని పంపినవాళ్లు వేరే ఉన్నారనీ అన్నాడు. పేరు చెప్పమంటే చెప్పలేదు. నాకు అనుమానం పుట్టడానికి ఇంకేం కావాలి? పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను, కన్ను ఆర్పలేదు.

అతను సైకిల్ని ముట్టుకునే ముందు చేతులు తుడుచుకున్నాడు. నంబరు చూడలేదు, రంగు చూడలేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైభాగం వెనక్కి వేలు పోనిచ్చి, కళ్లు మూసుకుని చాలాసేపు తడిమాడు. తర్వాత చిన్న టార్చి వేసి చూశాడు.

"ఇది పాడుచెయ్యడానికి పెట్టిన చిల్లు కాదండీ" అన్నాడు.

మరేమిటన్నాను.

"ముందు సన్నటి ములికితో తొలిచి, తర్వాత పెద్దది వేశారు. అంచు చూడండి, చెయ్యి కోసుకోకుండా ఆకురాయితో చుట్టూ నున్నగా రాశారు. ఒకరి బండి పాడుచేసేవాడు అంచులు రాస్తాడా? ఎవరో బ్రేకు పెడదామనుకున్నారు."

ఇలా అంటూ అతను నా ముఖం చూడలేదు. తలుపు అవతల కొట్లో ఉన్న నా పని బల్ల చూశాడు. బల్లమీద అప్పుడే ఒక తాళానికి చిల్లు తొలిచి, అంచు రాసి పెట్టి ఉంది.

తల్లీ, ముప్పై ఏళ్లుగా ఈ కొట్లోకి వచ్చిన ప్రతివాణ్ణీ నేను అనుమానించాను. ఒక మనిషి నన్ను అనుమానించడం అదే మొదటిసారి.

ఇక దాచను. ఆ చిల్లు చేసింది నేనే.

నువ్వు పరీక్షకని పొరుగూరు వెళ్లిన రెండు రోజుల్లో చేశాను. అంతకు ముందు వారమే లారీ కింద పడబోయి తప్పించుకుని వచ్చావు. ట్రాక్ మీద అందరూ ఒకే వైపు తిరుగుతారు కాబట్టి బ్రేకు లేకపోయినా సరే, వీధిలో ఎలా అని అడిగితే విన్నావు కాదు. ట్రాక్ దాకా వెళ్లి రావడానికి ముందు చక్రానికి ఒక్క బ్రేకు పెడదాం, పందెం రోజున విప్పుకుంటుంది అనుకున్నాను. తొలిచాక చూస్తే నేను తెచ్చిన బ్రేకు బోల్టు పొట్టిదైంది. ఈలోగా నువ్వు వచ్చే వేళయింది. నీ కోపానికి జడిసి టంకంతో పూడ్చి, పైన రంగు వేశాను. పొడుగు బోల్టు దొరికాక చెబుదామనుకున్నాను. నువ్వేమో జట్టు సెలక్షన్ దగ్గర పడిందని బండి తీసుకెళ్లి, నీతో పాటు పందేలు తొక్కే నీ నేస్తం పొడుగమ్మాయి వాళ్ల షెడ్డులో పెట్టావు, అది ట్రాక్ పక్కనే ఉందని.

సెలక్షన్ రోజున బళ్లు పరీక్షించే ఆయన వేలు తగిలి రంగు పెచ్చు లేచి, టంకం ఊడి చిల్లు బయటపడడం, ఫోర్కు బలహీనపడింది, ఈ బండిని ట్రాక్ మీదికి దిగనివ్వనని ఆయన అనడం, నీ చోటు పొడుగమ్మాయికి దక్కడం, అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం నువ్వు మంచమ్మీద బోర్లా పడుకుని ఎవరు చేశారు నాన్నా అని ఏడుస్తుంటే, "బండి ఎవరి షెడ్డులో ఉంది? చోటు ఎవరికి వచ్చింది? ఆ పిల్లని నమ్మొద్దని నేను ముందే చెప్పానా" అన్నాను. నీకా ఆలోచనే లేదు. నేనే పెట్టాను. పదకొండేళ్లు నువ్వు ఆ పిల్లతో మాట్లాడలేదు. ట్రాక్ కూడా వదిలేశావు. నాకు సిగ్గుగా ఉందమ్మా.

మేస్త్రీని పంపింది ఎవరో ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. మర్నాడు పొడుగమ్మాయే వచ్చింది. ఇప్పటికీ మన గుమ్మం దగ్గర తల వంచుకునే రావాలి. మీ అమ్మ మంచినీళ్లిచ్చి నిలబడింది. నేను ఇద్దరికీ కలిపి చెప్పేశాను. మేస్త్రీ అప్పటికే ఆ అమ్మాయికి చెప్పాడు కాబట్టి ఆశ్చర్యపోలేదు. సైకిలు సీటు మీద చెయ్యి వేసింది.

"మీ అమ్మాయి నన్ను అనుమానించింది, సరే బాబాయిగారూ. నేను మా నాన్నని అనుమానించాను. నాకు చోటు రావాలని ఆయనే చేశాడనుకున్నాను. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాను" అంది.

కోపంగా అనలేదు. తిట్టినా నేను ఇంత కుంగేవాణ్ణి కాదు. వాళ్ల నాన్న నన్ను వీధిలో చూసినప్పుడల్లా ఆగి నీ క్షేమం అడిగేవాడు. ఈ మనిషి ఎందుకింత ప్రేమ ఒలకబోస్తున్నాడని నేను ఆయన్నీ అనుమానించాను.

బేరం ఆడలేదు. అడిగినంతా ఇచ్చి, మేస్త్రీని పిలిపించి ఫోర్కు ఊడదీయించి బల్లమీద పెట్టించింది. సైకిలుకి వేరేది చేయించుకుంటుందట. "దీన్ని మీ అమ్మాయికి పంపండి" అని, ఒక చీటీ మీద తన ఇంటి చిరునామా రాసి ఇచ్చింది. నీకు చెప్పమని ఇంకేమీ చెప్పలేదు. వెళ్లమని గానీ వద్దని గానీ చెప్పే అర్హత నాకు లేదు.

ఫోర్కు, చీటీ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాం. టార్చి అక్కర్లేదు. వెనక్కి వేలు పోనిచ్చి చూడు, అంచు ఎక్కడా గరుకు ఉండదు. నీ చెయ్యి తెగకూడదని ఆకురాయితో రాశాను. అది కూడా నిజమే, నమ్మితే నమ్ము.

హాల్లో ఇప్పుడు ఏమీ లేదు. మీ అమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు. పోస్టాఫీసుకి నేను తీసుకెళతానంటే ఉత్తరం నా చేతికివ్వనంది. తనే చదివి, తనే అతికించి, తనే పోస్టు చేస్తుందట.

ఇట్లు,
నీ నాన్న