ఇవాళ మాట మార్చలేదు

ఎందుకు చెప్పకూడదు, అన్నా? “జబ్బేందో చెప్పి ఊకోరాదురా, ఇంటి బాధలు డాక్టరుకెందుకు?” అని నాన్న నిన్న నా మీద లేచాడు. బడి మధ్యలో మానేసినా నాలుగు భాషలొచ్చు కాబట్టే, సంస్థానం దవాఖానాలో హిందీ తప్ప రాని డాక్టరుకు రోగుల మాట హిందీలో చెప్పే పని నాకిచ్చారు.

నువ్వు దవాఖానాకొచ్చిన రోజు “నాకు బతకాలని లేదురా” అన్నావు. పరువు పోతుందని నేను కడుపునొప్పి అని చెప్పాను. ఆయన దానికే మందిచ్చాడు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

పొద్దున దోర్ల తెగ రైతు ఒకడు అదే మాటన్నాడు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు కలం పక్కన పెట్టి, “చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడుగు” అన్నాడు. అతని వైపు తిరిగి అలాగే అడిగాను.

“ఇన్నాళ్లకు ఒకరడిగిండ్రు” అని అతను ఏడ్చాడు.

అతన్ని ఇంటికి పంపలేదు. మంచం వేయించి, భార్యను పిలిపించి, ఒంటరిగా వదలొద్దని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం కొంచెం జావ తాగాడు. రేపు ఏమంటాడో తెలియదు.

ఇప్పుడు అతని భార్య పిల్లల్ని చూసి రావడానికి లేస్తోంది. తిరిగొచ్చేదాకా అతని పక్కన నేను కూర్చోవాలి. పోతున్నా.