నాలుగో ఆజ్ఞ దగ్గర ఆగిపోయాను

1978 జనవరి 1, ఆదివారం
ఈ రోజు గుడిలో నా భార్య ప్రేమల ప్రభు భోజనానికి వెళ్లి మోకరించింది. నేను ఎప్పటిలాగే చాప మీద చిన్నపిల్లలతో కూర్చున్నాను. పెళ్లయి పదిహేనేళ్లు, ఇదే వరస! బాప్తిస్మం నెలల బిడ్డగా ఉన్నప్పుడే అయింది. కన్ఫర్మేషన్, అంటే క్లాసులో ఆజ్ఞలు నేర్చుకుని అయ్యగారికి అప్పజెప్పడం, కాలేదు. అది లేనిదే మా లూథరన్ సంఘంలో ఆ రొట్టె, ద్రాక్షారసం అందవు. గుంటూరు జిల్లాలో పద్నాలుగో ఏట ఆ క్లాసు ఎగ్గొట్టి చేపలు పట్టాను. బాన్సువాడ వచ్చి అనుభవిస్తున్నాను.

మార్చి 19, మట్టల ఆదివారం నాడు మా అమ్మాయి సువార్తకు కన్ఫర్మేషన్. ఇక ఇంట్లో మిగిలేది నేనొక్కణ్నే. అందుకే ఒట్టు: పది ఆజ్ఞలూ అర్థాలతో సహా అప్పజెప్పి, ఆ రోజు వాళ్లిద్దరి పక్కన మోకరిస్తాను!

జనవరి 2, తెల్లవారుజామున 5
రోజుకొక ఆజ్ఞ. పది రోజుల్లో పూర్తి. తర్వాత రెండు నెలలు విశ్రాంతి.
మొదటిది వచ్చేసింది! బర్రెలకు కూడా వినిపించాను.

జనవరి 5
సువార్త అప్పజెప్పించుకుంటానంది. పదమూడేళ్ల పిల్ల! ఒక్క మాట తప్పితే మళ్లీ మొదట్నుంచి చెప్పమంటుంది. కన్నతండ్రి చేత గోడకుర్చీ వేయించేలా ఉంది. కోపం వచ్చి ఆజ్ఞల పుస్తకం దానికే వదిలేశాను. వేరే గురువును చూసుకుంటా.

జనవరి 17
నిజాంసాగర్ కాలువకు నీళ్లొచ్చాయి. నాట్లు. ఆజ్ఞలకు సెలవు. దేవుడికి వ్యవసాయం తెలుసు.

ఫిబ్రవరి 12
గురువు దొరికింది! పక్కింటి చిన్నవ్వ. ఆమెది ఇక్కడి పాత గుడి, వేరే సంఘం. చదువు రాదు గానీ బీడీలు చుడుతూనే పదీ గడగడా చెబుతుంది.
"గింతే గద బిడ్డా, ఏళ్లు మడుసుకుంట చెప్పు, ఎందుకు రాదు" అంది.
వేళ్ల మీద పట్టేశాను. అర్థాలు తర్వాత.

మార్చి 3
జలుబు. గొంతు బాగా లేనప్పుడు ఆజ్ఞలు పలకకూడదు. అర్థాలు: సున్నా.

మార్చి 18, సాయంత్రం 6
రేపటి కన్ఫర్మేషన్‌కు పరీక్ష పెట్టడానికి పాస్టరు అయ్యగారు బస్సు దిగారు. పెట్టె మోసింది నేను, గుడిలో చాపలు పరిచింది నేను. ఆ మర్యాదకైనా సులువుగా అడుగుతారనుకున్నాను.

పిల్లల మధ్య నిలబెట్టి నాలుగో ఆజ్ఞ అడిగారు. వేలు మడిచి విశ్రాంతి దినం అన్నాను. ఐదోది? తల్లిదండ్రులను గౌరవించమన్నాను. ఆరోది? నరహత్య వద్దన్నాను. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. సువార్త నేల చూపులు చూస్తోంది.

"అన్నీ దేవుడి ఆజ్ఞలేనయ్యా ఏసోబూ. లెక్క మాత్రం పొరుగు గుడిది" అన్నారు అయ్యగారు. "వాళ్ల రెండోది మనకు మొదటిదాంట్లోనే కలిసి ఉంటుంది. అక్కడి నుంచి నీ లెక్క ఒకటి ఎక్కువ. చివర్లో వాళ్ల పదోదే మనకు తొమ్మిది, పది. పోనీలే, అర్థాలు చెప్పు."

అర్థాలు!

వచ్చే ఏడాది చూద్దామన్నారు.

మార్చి 19, మట్టల ఆదివారం
ప్రేమల పక్కన సువార్త మోకరించింది. నేను చాప మీద. ఏడుపొచ్చింది. సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది. రొట్టె తీసుకుని తిరిగొచ్చేటప్పుడు సువార్త పెద్దవాళ్ల వరసలోకి పోలేదు. "జరుగు నాన్నా" అని నా పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం చిన్నవ్వకు జరిగింది చెప్పాను.
"మీ అయ్యగారికి లెక్క రాదు బిడ్డా" అంది.

మార్చి 20, తెల్లవారుజామున 5
కొత్త ఒట్టు, పాత గురువు. సువార్తను నేనే లేపి పుస్తకం చేతికిచ్చాను. తప్పితే మళ్లీ మొదట్నుంచి అంది. సరేనన్నాను.
మొదటి ఆజ్ఞతో మొదలు. ఇది రెండు గుళ్లలోనూ మొదటిదే.