సాగదీసే పెట్టె

బంగారుతల్లికి,

పెట్టె పలికిందే! నీ ముసలి శాంప్లరు, శబ్దాలు పట్టుకుని సాగదీసే ఆ దిక్కుమాలింది, పదకొండు రోజులు నా ప్రాణం తోడేసి ఇవాళ పొద్దున పలికింది! శుక్రవారం నీ రికార్డింగుకు అందుతుంది. హడావుడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాణ్ణి, ఇంత మొండిదాన్ని చూడలేదమ్మా. లోపల ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చాను. అదొక బాధా? నువ్వు చీటీలో రాసినట్టే ఒక మాట రికార్డు చేసి, ఎన్నింతలు సాగదీయాలో అంకె కొట్టి, మీట నొక్కాను. ఉలకదు, పలకదు. ఆరు నిమిషాలు లెక్కలు వేసుకుంటుందట! కంప్యూటరైతే చిటికెలో చేస్తుందటగా, నీకేమో దీని గరగరే కావాలి! ఈలోగా మీ అమ్మ వచ్చి, "పనిచెయ్యని దానికి కరెంటెందుకండీ, దండగ" అని స్విచ్చి కట్టేసింది. కట్టేస్తే అన్నీ మర్చిపోతుంది కదా, మళ్లీ మొదటికి. రెండోసారీ కట్టేసింది.

"అది ఆలోచిస్తోందే!" అని అరిచాను.

"మీకంటే నయం. నోరు తెరిచే ముందు ఆలోచిస్తోంది" అంది.

ఆ మాట ఎందుకు గుచ్చుకుందో చెబుతాను. పెట్టెలో నీ ఫ్లాపీ ఉండిపోయింది. కెపాసిటర్లు మార్చగానే ముందు దాన్నే వేసి చూశాను. నా గొంతు! "చాలు, ఆపెయ్." తొమ్మిదేళ్ల కిందట ముందుగదిలో, చుట్టాల ఎదుట, నువ్వు వాయిస్తుంటే నీ మీద అరిచిన మాట. అప్పుడు రికార్డవుతోందని నాకేం తెలుసు! ఆ రోజు నుంచి నువ్వు నాకు ఒక్క పాటా వినిపించలేదు. నేను అరిచింది ఒక్క సెకను. నువ్వు దాన్ని సాగదీసి దాచావు కాబోలు, పెట్టెలో అది గరగరలాడుతూ ఎంతకీ అయిపోలేదు. ఇన్నేళ్లూ నువ్వు విన్నది ఇంత పొడుగా, తల్లీ?

తప్పు నాదే. దాన్ని చెరపలేదు, నీ ఇష్టం. మూడోసారి స్విచ్చికి కుర్చీ అడ్డం వేసుకుని కూర్చుని, నేను రికార్డు చేసిన మాటను సాగదీసి, దాని పక్కనే దాచాను. "వాయించు తల్లీ" అన్నాను. పాటలో ఏది పెట్టినా సరే, ముందు నాకు వినిపించు.

పెట్టె పలికిందని అందరికీ చెప్పు. పాత ఇనుముకు వేసెయ్యమన్న పెదనాన్నకు, ఆ రోజు ముందుగదిలో కిసుక్కున నవ్విన చిన్నత్తకు, బాబాయికి, పిన్నికి, మామయ్యకు. నేను తప్పు ఒప్పుకున్నానని కూడా చెప్పు. మీ అమ్మకు మాత్రం చెప్పక్కర్లేదు. పక్కనే నిలబడి, "తల్లీ అన్నచోట గొంతు బొంగురుపోయిందండీ, మళ్లీ చెప్పండి" అంటోంది.

నీ
నాన్న