నడిమి గోడ మీద అభ్యంతరం

గోదావరిఖని,
జూన్ 3

పేదల ఇండ్ల పథకం భూసేకరణ అధికారి గారికి, రెండో లైను బస్తీ 17వ నంబరు ఇంటి సదయ్య దండం పెట్టి రాసుకునేది.

నేను బొగ్గు గనిలో హాజరు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా బస్తీలోని నలభై ఇండ్లు తీసుకొని, కూలగొట్టి, అదే జాగాలో ఐదంతస్తుల ఫ్లాట్లు కట్టి, మాకూ, ఇల్లు లేని మరికొందరికీ ఇస్తామని మీ నోటీసు వచ్చింది. నా అభ్యంతరం ఇంటి గురించి కాదు. వానకు కురుస్తుంది, పోతే పోనీ. అభ్యంతరం పెరట్లో ఉన్న నడిమి గోడ గురించి.

నాకూ, 18వ నంబరు లస్మవ్వకూ నడుమ ఒక్కటే గోడ. ఆమె భర్త కొమురెల్లి నాతోపాటే గనిలో ఉండేవాడు. అతను పోయి పదకొండేళ్లు, నా భార్య పోయి తొమ్మిదేళ్లు. రోజూ సాయంత్రం గోడకు ఇటు నేను, అటు ఆమె కూర్చుంటాం. "బావా, ఏం కూర?" అని అడుగుతుంది. చెబుతాను. అంతే. కొత్త ఇండ్లలో ఈ గోడ సంగతి ఏం చేస్తారో తెలుపగలరు.

ఇట్లు, మీ జవాబు కోసం చూసే
సదయ్య

తా.క. నేను ఏమీ వండలేదని చెప్పిన రోజు గోడ మీదికి ఒక గిన్నె వస్తుంది. ఈ విషయం ఫైల్లో పెట్టవద్దు.

—

జూన్ 14

శ్రీ సదయ్య గారికి,

మీ అర్జీ అందింది. 17, 18 నంబర్ల ఇండ్ల మధ్య గోడపై హక్కు వివాదం ఉన్నట్లు నమోదు చేశాం. గోడ కొలవడానికి సర్వేయరు వస్తారు. గోడ తనదని రుజువు చేసే కాగితాలు వారం లోపల ఇవ్వాలని శ్రీమతి లస్మవ్వ గారికి నోటీసు పంపించాం.

భవదీయురాలు,
ప్రసూన, జూనియర్ అసిస్టెంటు

తా.క. గిన్నె విషయం ఫైల్లో పెట్టలేదు. మీ ఉత్తరం మాత్రం పెట్టాం.

—

జూన్ 25

అమ్మా ప్రసూనా, సదయ్య ఆందోళనతో రాసేది.

ఎంత పని చేశావమ్మా! సర్వేయరు గోడ పొడవునా టేపు పట్టాడు. లస్మవ్వ నోటీసు చేతిలో పట్టుకొని నిలబడింది.

"ఏంది బావా గిది? గోడ కావాల్నా నీకు? ఎత్తుకపో! ఇన్నేండ్ల సంది నేను మనిషితోటి మాట్లాడుతున్న అనుకున్న" అని లోపలికి పోయింది. నాలుగు రోజులైంది, మళ్లీ పెరట్లోకి రాలేదు.

నాకు గోడ వద్దమ్మా. గోడకు అవతల ఉన్న మనిషి పక్కన ఉంటే చాలు. పేరుకు రెండిండ్లే గానీ ఇన్నేళ్లూ ఒక్క ఇంటిలాగే బతికాం. ఆ సంగతి రాసుకో.

ఇట్లు,
గోడ అక్కరలేని సదయ్య

తా.క. ఏం కూర అని అడిగేవాళ్లు లేకపోతే ఉప్పు వెయ్యబుద్ధి కూడా కావడం లేదు.

—

జూలై 9

శ్రీ సదయ్య గారికి,

మీరు కోరినట్లే రాసుకున్నాం. రెండిండ్లవారినీ ఒకే కుటుంబంగా పరిగణించి, నియమం ప్రకారం ఇద్దరికీ కలిపి ఒక్క ఫ్లాటు కేటాయించాం. జాబితాను బస్తీ కమ్యూనిటీ హాలు దగ్గర అతికించాం.

భవదీయురాలు,
ప్రసూన

తా.క. 'సంబంధం' అన్న గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోలేదు. అది తనంతట తాను ఏదో నింపుకుంది. చూసి కంగారుపడకండి.

—

జూలై 13

అమ్మా ప్రసూనా, తల ఎత్తుకోలేని సదయ్య రాసేది.

కంగారుపడకుండా ఎట్లా? 'లస్మవ్వ, సంబంధం: భార్య' అని ఉంది! బస్తీ అంతా చదివింది. చాయ్ హోటల్ రాయమల్లు నన్ను ఆపి, "సదన్నా, పెండ్లి బువ్వ ఎప్పుడు పెడుతున్నవ్? జర ముందుగాల చెప్పు, అంగీ ఇస్త్రీ చేయించుకోవాలె" అన్నాడు. లస్మవ్వ ఇంటి తలుపు మూసే ఉంటోంది.

జల్ది దిద్దించు. రెండు కుటుంబాలు, రెండు ఫ్లాట్లు, పక్కపక్క తలుపులు.

నీకు అబద్ధం చెప్పలేనమ్మా. మా రెండు పేర్లు ఒకే వరుసలో చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. మధ్యాహ్నం మళ్లీ పోయి చదువుకున్నాను. అయినా దిద్దించు.

ఇట్లు,
సదయ్య

తా.క. మూడోసారి పోయింది మరిచిపోయిన గొడుగు కోసం. చదవడానికి కాదు.

—

జూలై 24

శ్రీ సదయ్య గారికి,

దిద్దుబాటుకు ఇద్దరి సంతకాలూ కావాలి. ఫారం పట్టుకొని నేనే లస్మవ్వ గారి ఇంటికి వెళ్లాను. ఆమె చెప్పింది చెప్పినట్లు రాస్తున్నాను:

"నన్ను అడగాల్సిన మాట సర్కారును అడుగుడేంది బిడ్డా? గిన్ని కాయిదాలు రాసే మనిషికి నాలుగు అడుగులేసి నా ఇంటికి వచ్చుడు రాదా?"

ఆమె సంతకం చేయలేదు. కాబట్టి జాబితా మారదు.

భవదీయురాలు,
ప్రసూన

తా.క. ఇది ఆఫీసు మాట కాదు. బాబాయి గారూ, ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, మీ ఇద్దరి పేర్లున్న ఆ ఫారం రెండుసార్లు చదివారు. చదివి, మడిచి, బీరువాలో దాచుకున్నారు.

—

డిసెంబర్ 8

అమ్మా ప్రసూనా, నీ బాబాయి సదయ్య ఆశీర్వదించి రాసేది.

జూలైలో నీ ఉత్తరం అందిన సాయంత్రమే ఉతికిన అంగీ వేసుకొని, వీధి వైపు నుంచి పోయి ఆమె తలుపు కొట్టాను. ఆమె ఒక్కతే అయినప్పటి నుంచి ఆ తలుపు కొట్టడం అదే మొదలు.

"లస్మవ్వా, కొత్త ఇంట్ల నాతోటి ఉంటవా?" అన్నాను.

"ఇండ్లు కూలగొడుతమంటే గాని నీకు నోరు రాలేదా బావా?" అంది. నాకు పీట వేసి, "ఇండ్లు కూలగొట్టినంక బిడ్డ ఇంటికి పోత. ఆడ ఉండుకుంట గిసొంటి ముచ్చట నేను మాట్లాడ. మన ఇల్లు లేవనీ. అప్పుడు వస్త" అంది.

ఆగస్టులో బస్తీ అంతా కూలగొట్టారు. ఆమె గోలేటిలో కూతురు సంతోషి ఇంటికి పోయింది. నేను బస్టాండు వెనక కిరాయి గదిలో ఉంటున్నాను. లస్మవ్వ ఫోను చేసినప్పుడు మనుమరాలు సహస్ర పక్కనే ఉంటుంది కాబట్టి, "మంచిగున్నవా బావా?" అని మాత్రం అడిగి పెట్టేస్తుంది. ఆ ఒక్క మాట కోసం రోజంతా ఫోను ఛార్జింగులో పెట్టుకుంటున్నాను. సాయంత్రం ఐదయిందంటే ఎటు తిరిగి కూర్చోవాలో తోచదు.

అందుకని నా పాత అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కొత్తది రాసుకో: పని చాలా మెల్లగా సాగుతోంది. ఐదంతస్తులూ ఎప్పటికి లేస్తాయో! ముందు కింది అంతస్తు పూర్తిచేసి మా ఇద్దరినీ లోపలికి పోనివ్వండి. పైన మీరు నిదానంగా కట్టుకోవచ్చు.

ఇట్లు,
ఇల్లు ఎప్పుడు లేస్తుందా అని చూసే
సదయ్య

తా.క. రోజూ పొద్దున్నే పోయి పునాదుల దగ్గర నిలబడుతున్నాను. మేస్త్రీ నన్ను మీ ఆఫీసు మనిషి అనుకొని పని ఉరికిస్తున్నాడు. అడిగితే కాదని చెప్పకు.