జాతర పొద్దున లేవని పుంగనూరు గీత

చెల్లెలు గంగులమ్మకు, కుప్పం నుంచి నీ అన్న రెడ్డెప్ప మనసారా దీవించి రాస్తున్నాను.

ఇక్కడ నా ఒళ్ళు బాగుంది. అక్కడ నువ్వు, బావ నారాయణప్ప, పిల్లలు అందరూ బాగుండాలి. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? నా మీద కోపం ఉన్నా ఈ రెండు సంగతులూ తెలియజెయ్యి. ఈ ఉత్తరం ఎవరి చేతా రాయించలేదు. అడిగితే రాసిపెట్టేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, కానీ ఈ మాటలు ఇంకొకరి చేతిరాతలో నీకు చేరడం నాకు ఇష్టం లేదు. నా అక్షరాలు వంకర, అది నీకు తెలిసిందే. కూడబలుక్కొని చదువు. మధ్యలో చించెయ్యకు.

అసలు సంగతి ముందే చెప్తాను. నీ కొడుకు మునిరాజను సోమవారం పాలకేంద్రంలో పనికి పంపాలి. దానికే ఈ ఉత్తరం.

మొన్న మన వీధి చెంగప్ప పట్టుగూళ్ళు అమ్మడానికి కుప్పం వచ్చాడు. బస్టాండులో టీ తాగుతూ నీ సంగతి చెప్పాడు.

"నీ పేరెత్తితే మీ సెల్లెలు మండిపడతాండాదిప్పా. నా కొడుకు మీద వాళ్ళ మామే సాడీలు సెప్పినాడు, కుప్పంలో కూర్సోని టీవీలో వాణ్ణి సూస్తాంటాడు అంటాది. కంపెనీవోళ్ళు మళ్ళీ రమ్మన్నా ఆ పిల్లోణ్ణి పోనీల్యాదు. నిన్ను వాళ్ళ వాకిలి తొక్కొద్దని సెప్పమనింది."

"దాంట్లో మనుషులు కనపడర్రా" అన్నాను.

"మరేం కనపడతాది?"

"గీతలు."

"గీతలు సూసేదానికి జీతమిస్తారా? నాక్కూడా ఒక కుర్చీ ఎయ్యమని సెప్పు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కాబట్టి నా పని ఏమిటో నీకు సరిగ్గా చెప్పాలి. ఊరికి వచ్చినప్పుడు కంప్యూటరు పని అని గొప్పగా చెప్పుకున్నానే తప్ప వివరంగా చెప్పలేదు. మా పాల కంపెనీకి పుంగనూరు, మదనపల్లె, కలికిరి, ఇంకా చాలా ఊర్లలో కేంద్రాలున్నాయి కదా. మునిరాజ పుంగనూరులో పాలు కొలిచి చీటీ ఇస్తాడే, ఆ లెక్క అప్పటికప్పుడు లైను మీద కుప్పానికి వచ్చేస్తుంది. ఇక్కడ ఒక గదిలో గోడకు పెద్ద తెర ఉంది. దాన్ని అందరూ బోర్డు అంటారు. ఒక్కో ఊరికి ఒక్కో గడి. లైను బాగుంటే గడి పచ్చగా ఉంటుంది. మందగిస్తే పసుపు, తెగిపోతే ఎరుపు. లెక్క ఎంతకీ రాకపోతే గడి గంటలా మోగుతుంది. గడి లోపల మళ్ళీ గీతలుంటాయి. పాల లెక్కకు ఒక గీత, ఆఫీసు జాబులకు ఒక గీత, ఎవరైనా చాటుగా సినిమా పాటలు దించుకుంటే దానికీ ఒక గీత. కలికిరిలో ఎవరో పాటలు దించుకుంటే ఆ గీత పైకి లేచి పాల గీతను నొక్కేసేది. అప్పుడు గ్రేసు మేడం వాళ్ళకు ఫోను చేసి "ఏమప్పా, పాటలింటా పాలు కొలుస్తాండారా?" అని అడిగేది. ఆ పాటల గీత వెంటనే పడుకునేది.

గ్రేసు మేడం అంటే ఆ గదిలో ఇంజనీరు. మదనపల్లె మిషన్ ఆస్పత్రి వెనక వీధి వాళ్ళు, కిరస్తానీలు. నన్ను తాతా అని పిలుస్తుంది. గది తెరవడం, ఊడవడం, కాఫీ తేవడం నా పని. వాళ్ళు భోజనానికి పోయినప్పుడు బోర్డు ముందు కూర్చొని, ఏ గడైనా రంగు మారితే కేకెయ్యాలి. ఆ మిషన్లకు వేడి పనికిరాదని లోపల చల్లగాలి పెట్టారు. బయట ఎండ మండుతుంటే నేను లోపల కంబళి కప్పుకొని కూర్చుంటాను. తిండికి సెల్వమ్మ మెస్సు ఉంది. ఆమె అరవంలో తిట్టి తెలుగులో వడ్డిస్తుంది. ఏ పూట చూసినా అన్నం, సాంబారే. రాగిసంగటి చెయ్యమని అడిగితే "నువ్వొచ్చి కెలుకప్పా, నేను తింటాను" అంటుంది. ఆదివారం గది మూసి ఉంటుంది, ఆ రోజే నాకు పొద్దు పోదు. రైల్వే స్టేషనులో కూర్చొని వచ్చేపోయే బండ్లు చూస్తాను. ఇవన్నీ బాధపడి రాయడం లేదు. నేను బాగున్నాను.

ఇక జాతర నాటి సంగతి.

ఆ పొద్దున గది ఊడ్చి, కాఫీ తెచ్చి పెట్టాను. గ్రేసు మేడం బోర్డు వైపు చూస్తూ అంది: "తాతా, పుంగనూరు లైను పచ్చగానే ఉండాది. పాల గీత మాత్రం లేవలేదు. ఈ పాటికి లేసుండాల."

"ఈ పొద్దు మా పక్క గంగమ్మ జాతరమ్మా" అన్నాను. "జాతర పొద్దు మా పల్లెల్లో పాలు అమ్మరు. గీత యాడినుంచి లేస్తాది?"

"మా ఇంట్లో జాతర ల్యాదు, నాకు తెలీదు. ఒకసారి ఫోన్ సేసి కనుక్కుంటా."

"ఫోనెందుకమ్మా? నేను పుట్టి పెరిగిన తావది. నాకు తెలీదా?"

ఆమె ఫోను మీద పెట్టిన చెయ్యి తీసేసింది. ఆ గడి మోగకుండా ఆపి, పక్కన 'జాతర, ఈ రోజు పాలు రావు' అని రాసుకుంది.

నేను అబద్ధం చెప్పలేదు గంగులూ. మన అమ్మ జాతర నాడు చెంబెడు పాలు కూడా గడప దాటనిచ్చేది కాదు. పొంగలికి పోగా మిగిలినవి దూడలకే విడిచేది. పాలు అడగడానికి వచ్చిన టీ అంగడి మనిషిని నువ్వే వాకిట్లో నిలబెట్టి వెనక్కి పంపావు. నేను ఆవుల్ని అమ్మేసి, ఊరు విడిచి వచ్చాక కూడా మన ఊరు అలాగే ఉందనుకున్నాను. ఎవరినీ అడగలేదు. నా ఊరి గురించి ఇంకొకరిని అడగడమేమిటి అనుకున్నాను.

మధ్యాహ్నం పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. మేడం అందరికీ వినపడేలా పెట్టింది. చేసింది మునిరాజ.

"మేడం, పొద్దున్నుంచీ చీటీ రాలేదు. చీటీ ల్యాకుండా పాలు పోయించుకోవద్దని గదా రూలు. జనాలంతా క్యాన్లు పెట్టుకొని ఎండలో నిలబడిరి. పాలన్నీ పులిసిపోయె. గేటు ముందర పారబోసి, నా సొక్కా పట్టుకొన్నారు."

"జాతర గదా మునిరాజా. పాలు పోయరని అనుకొన్నాం."

"ఇప్పుడందురూ పోస్తారు మేడం. పొంగలికి ఒక సెంబు తీసిపెట్టుకోని, మిగిలింది తెస్తారు. మా అమ్మ కూడా తెచ్చె."

"మరి నువ్వు ఫోనన్నా సేయాల గదా."

"యాపొద్దూ మీరే ముందు సేస్తారు గదా మేడం. గీత పడిపోయింది, మిషన్ ఆపి మళ్ళీ వెయ్యి అని మీరే సెప్తారు. ఈపొద్దూ అట్లే అనుకొంటి. ఆడ మా మామ సూస్తాండాడు, ఇంకొంచెంసేపు ఉండండి అని అందరికీ సెప్తానే ఉంటి."

నేను కాఫీ గ్లాసులు తీసుకొని బయటికి వచ్చేశాను.

చీటీ మిషను ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే సరిపోయేదట. ఒక్క ఫోనుతో అయిపోయే పని. ఆ ఫోనును ఆపింది నేను. మీ వాడి మీద నేను చాడీ చెప్పలేదు. చాడీ చెప్పడానికి వాడి తప్పు ఏదైనా ఉంటే కదా. కానీ జరిగింది నా మాట వల్లే. చెంగప్ప చెప్పినదానికీ దీనికీ తేడా నీకు తెలియాలని రాస్తున్నాను. తేడా తెలిశాక కూడా కోపం పోకపోతే ఉండనీ.

కేంద్రంలో ఉన్న ఆపరేటరు మునిరాజ ఫోను చెయ్యలేదు కాబట్టి తప్పు అతనిదే అని మేనేజరు వాణ్ణి ఇంటికి పంపేశాడు. మరుసటి రోజు నేను మేనేజరు గదికి పోయాను. కాఫీ తెచ్చాననుకొని బల్ల మీద చోటు చూపించాడు.

"కాఫీ కాదు సార్. జాతర పొద్దు పుంగనూరుకు ఫోన్ సేయొద్దనింది నేను" అన్నాను.

"నువ్వెవరయ్యా వద్దనడానికి? నీ పేరు ఏ రికార్డులోనూ లేదు. ఊడ్చేవాడి మాటకు ఇక్కడ లెక్క లేదు."

"ఊడ్సేవోడి మాటకు పాలన్నీ పులిసిపాయ గదా సార్. లెక్క ల్యాకుండా ఎట్ల పోతాది? పిల్లోణ్ణి పిలిపించండి. పంపిస్తే నన్ను పంపించండి."

ఆయన గ్రేసు మేడంను పిలిచాడు. ఆమె తప్పించుకోవచ్చు. జాతర అని తాత చెప్పాడు, నాకేం తెలుసు అనొచ్చు. అనలేదు. "తాత సెప్పినాడు సార్, నేను నమ్మినాను. గడి మోగకుండా ఆపింది నేనే. కనుక్కోవాల్సింది కూడా నేనే" అంది. ఆయన ఆమెను కూడా గట్టిగానే తిట్టాడు. ఇంజనీరైన ఆడపిల్ల నా ముందర నిలబడి, నావల్ల తిట్లు తినడం చూడలేకపోయాను. బయటికి వచ్చాక క్షమించమ్మా అన్నాను. ఆమె "పో తాతా, కాఫీ తీసుకురా" అంది.

చివరికి మునిరాజను మళ్ళీ పనిలోకి రమ్మని కంపెనీ కబురు పంపింది. బోర్డు మీద ఏ గీత పడిపోయినా, పండగైనా పబ్బమైనా, ఆ ఊరికి ఫోను చేసి అక్కడి మనిషి గొంతు వినకుండా గడి ఆపకూడదని కొత్త రూలు పెట్టారు. నన్ను ఉద్యోగంలో ఉంచారు. కానీ బోర్డు ముందు కుర్చీలో ఇక కూర్చోకూడదట. ఊడ్చి, కాఫీ ఇచ్చి బయట బల్ల మీద ఉండాలి. ఉంటున్నాను. కంబళి అవసరం లేకుండా పోయింది.

ఇంత జరిగాక నువ్వు వాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఎట్లా? చొక్కా పట్టుకున్నవాళ్ళ ముందు మళ్ళీ ఎట్లా నిలబడతాడని నీ బాధ. అది నాకు తెలియకపోలేదు. తప్పు ఎవరిదో నలుగురి ముందూ నువ్వే చెప్పు. మా అన్నదే, కుప్పంలో ఉండే రెడ్డెప్పదే అని నా పేరు పెట్టి చెప్పు. నేనేమీ అనుకోను. సోమవారం వాడు రాకపోతే కలికిరి నుంచి ఇంకొకరిని వేస్తారని మేడం చెప్పింది. వాడికి ఆ పని ఇష్టం. పాల కొలతలో వాడి చెయ్యి ఎంత నికరమో నీకు తెలుసు. నా మీద కోపంతో వాడి పని పోగొట్టొద్దు. నన్ను మాత్రం నువ్వు పిలిచేదాకా మీ వాకిలికి రాను.

బావకు నా నమస్కారాలు చెప్పు. పెద్దమ్మ కాళ్ళకు నా బదులు నువ్వు దండం పెట్టి, రెడ్డెప్పకు దీవెన కావాలంట అని అడుగు. పిల్లలకు ముద్దులు. కోపం తగ్గితే పుంగనూరు బస్సులో కాస్త రాగిపిండి పంపు. తగ్గకపోయినా పంపు, సెల్వమ్మకు కెలకడం నేనే నేర్పిస్తాను.

నాకు జవాబు రాయాలని లేకపోతే రాయొద్దు. సోమవారం పొద్దున నేను కాఫీ గ్లాసులు పట్టుకొని గది గుమ్మం దగ్గర నిలబడతాను. లోపలికి పోను. పుంగనూరు గడిలో పాల గీత లేస్తే గ్రేసు మేడం నా వైపు తిరిగి తల ఊపుతానంది. నువ్వు వాడికి అన్నం పెట్టి పంపావని నాకు తెలిసిపోతుంది.

నీ మంచి కోరే అన్న,
రెడ్డెప్ప
కుప్పం